కుమ్మరి ఇంట్లో తరం దాటేది ఏమిటి?

కుమ్మరి ఇంట్లో అన్నదమ్ములు వేరు పడితే కుండలు చేసే చక్రం, అదే సారెతో పెద్ద చిక్కు రాదు. ఒకరు పాతది ఉంచుకుంటారు, ఇంకొకరు కొత్తది కొనుక్కుంటారు. తట్టే చెక్కలు, గుండ్రాళ్లు, అచ్చులు కూడా అలాగే తలా ఇన్ని పంచుకోవచ్చు. చిక్కంతా ఇంటి వెనక కుండలు కాల్చే ఆవంతోనే. మన్ను నానేసే గుంత, పచ్చి కుండలు ఆరడానికి నీడపట్టు జాగా, కంప పేర్చుకునే మూల, పొగ పోవడానికి చుట్టూ కాస్త ఖాళీ, ఇవన్నీ ఒకచోట ఉంటేనే అక్కడ పని నడుస్తుంది. ఐదారు సెంట్ల జాగాను ముగ్గురు పంచుకుంటే మూడు ఇళ్లు లేస్తాయి. ఆవం మాత్రం ఎవరి వాటాకూ రాదు.

కుమ్మరి పని ఎందుకు తగ్గిందని ఎవరిని అడిగినా స్టీలు, ప్లాస్టిక్ అంటారు. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ పని చేసే కుటుంబాలు స్టీలు దెబ్బను తట్టుకున్నాయి, ప్లాస్టిక్ బిందెల దెబ్బనూ తట్టుకున్నాయి. ఒక వస్తువు అమ్ముడు పోకపోతే ఇంకో వస్తువు చేశాయి. తట్టుకోలేకపోతున్నది వేరే ఉంది: మన్ను దొరకకపోవడం, కట్టె దొరకకపోవడం, కాల్చుకోవడానికి జాగా మిగలకపోవడం. మన్ను, కట్టె, జాగా మూడూ ఉన్న ఇంట్లో కొడుకో కూతురో ఏదో ఒకటి చేసి నిలబడుతున్నారు. లేని ఇంట్లో ఎంత చేయి తిరిగిన పనివాడైనా ఆపేస్తున్నాడు. తరాల లెక్కలో చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

ముత్తాతల కాలంలో కుమ్మరికి అంగడి లేదు. ఊరే అంగడి. విజయనగర కాలం నుంచీ రాయలసీమ పల్లెల్లో ఊరికి పని చేసి పంటలో వాటా తీసుకునే పన్నెండు మంది ఆయగాళ్ల ఏర్పాటు నడిచింది. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలితో పాటు కుమ్మరి కూడా అందులో ఒకడు. ఏడాది పొడవునా ఊరి ఇళ్లకు కావలసిన కడవలు, చట్లు, బానలు, మూకుళ్లు చేసిపెట్టాలి. పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గరికి వెళ్లి తన మేర, అంటే తన వాటా గింజలు కొలిపించుకోవాలి. కుండకు ఇంత అని ధర ఉండేది కాదు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరింట్లో సంగటి కుండ పెద్దది కావాలి, ఎవరింటి ఆడబిడ్డకు వచ్చే మాఘంలో పెళ్లి, అన్నీ కుమ్మరికి తెలిసి ఉండాలి. పెళ్లికి అరివేణి కుండలు, సంక్రాంతికి కొత్త పొంగలి కుండ, చావుకు చిల్లు పెట్టి భుజాన మోసే కుండ, అన్నీ ఆ ఇంటినుంచే వెళ్లేవి.

ఆ కాలాన్ని బంగారు యుగం అనడానికి మనసు రాదు. వాన తప్పితే కళ్లం ఉండదు, కళ్లం లేకపోతే మేర ఉండదు. కొలిచే చేయి రైతుది, పట్టే చాట కుమ్మరిది. ఇంకో ఊరికి వెళ్లి అమ్ముకుందామంటే అక్కడ ఇంకో కుమ్మరి కుటుంబం హక్కు అడ్డం. అయినా ఆ ఏర్పాటులో ఒక మేలు ఉండేది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఊరి చెరువు మన్ను తవ్వుకోవడం కుమ్మరికి ఎవరో ఇచ్చే అనుమతి కాదు. ఊరికి కుండలు కావాలి కాబట్టి ఊరి చెరువులో మన్ను వాళ్లది. మేర పోవడం అందరికీ కనబడింది. మేరతో పాటు ఆ మన్ను హక్కు కూడా మెల్లగా జారిపోవడం కనబడలేదు.

ఈ ప్రాంతంలో మట్టిపనికి ఇంకో ఆసరా తిరుమల కొండ మీద ఉంది. పురాణ కథలోని తొండమాన్ చక్రవర్తి వేంకటేశ్వర స్వామికి రోజూ బంగారు పూలతో పూజ చేస్తుంటే, మర్నాడు స్వామి పాదాల దగ్గర మట్టి పూలు కనబడేవట. ఎవరివని ఆరా తీస్తే కురువ గ్రామపు కుమ్మరి భీముడివని తేలింది. కుండలు చేసి లేచేటప్పుడు చేతికి అంటుకున్న మన్నుతోనే పువ్వు చేసి, ఇంట్లో పెట్టుకున్న స్వామి బొమ్మకు వేసేవాడని కథ. అన్నమయ్య కీర్తనలో వచ్చే కురువరతి నంబి ఈయనే. తిరుమల సంప్రదాయంలో ఈనాటికీ స్వామికి పెరుగన్నం కొత్త మట్టి ఓడులో, అంటే సగం కుండ పెంకులో నివేదిస్తారని చెబుతారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు వేసే వేషాల్లో సున్నపు కుండలు అని ఒక వేషమే ఉంది. జాతర చివర గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలుపుతారు. ఆ విశ్వరూపం చెంప తొలగించే తంతు ముగిశాక ఆ మట్టి పిడికెడు దొరికితే చాలని జనం ఎగబడతారు, ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు. ఇంత గౌరవం ఉన్న మట్టికి, దాన్ని పిసికే చేతికి మధ్య ఎంత దూరం ఉందో కుమ్మరి వీధిలో అరగంట తిరిగితే తెలిసిపోతుంది.

ఇంతకీ ఆ ఇంట్లో ఒక తరం ఇంకో తరానికి ఏం నేర్పుతుంది? చాలామంది అనుకునేట్టు కుండ ఆకారం సారె మీదే పూర్తి కాదు. సారె తిప్పి, ముద్దలో బొటనవేళ్లు దించి, పైకి లాగి మూతి, మెడ, భుజం తీస్తారు. ఆ దశలో అడుగు మందంగా, మొద్దుగా ఉంటుంది. దారంతో కోసి దించి, చెప్పులకు చేసిన తోలంత గట్టిపడేదాకా నీడలో ఉంచుతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఎడమచేత్తో లోపల గుండ్రాయి ఆనించి, కుడిచేత్తో బయట చెక్కతో తడుతూ కుండను ఒళ్లో తిప్పుతారు. టప్ టప్ టప్ అని ఒకే లయలో తడుతుంటే మొద్దు అడుగు మెల్లగా పలచబడి, సాగి, గుండ్రంగా మూసుకుపోతుంది. రాయి ఒక అంగుళం పక్కకు పోతే కుండ చిల్లు. కళ్లతో చూసి నేర్చుకునే పని కాదు ఇది, లోపల ఉన్న చేయి బయటికి కనబడదు. చెక్క శబ్దం మారడాన్ని బట్టి గోడ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ చాలో తెలుస్తుంది. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ శబ్దం చిన్నప్పటి నుంచే చెవిలో ఉంటుంది.

ఈ పనిలో సగం ఆడవాళ్లది. పాత కట్టుబాటు ప్రకారం ఆడవాళ్లు సారె ముట్టరు. కానీ మన్ను ఎండబెట్టి, రాళ్లు ఏరి, జల్లించి, నానేసి, ఇసుక కలిపి తొక్కేది వాళ్లే. తట్టేది, నున్నచేసేది, ఎర్రమన్ను పూత పూసేది, గంపలో పెట్టుకుని అమ్మేది కూడా చాలా ఇళ్లలో వాళ్లే. కుమ్మరి సంబంధం కుమ్మరింటికే చేసుకోవడానికి ఇదొక కారణం. కోడలు వస్తూ వస్తూ తన పుట్టింటి పదును కూడా తెస్తుంది. ఈ ఊరి మన్నుకు ఇసుక ఎంత కలపాలో అత్త నేర్పుతుంది, తన ఊళ్లో ఎలా కలుపుతారో కోడలు చెబుతుంది. తండ్రి నుంచి కొడుక్కి విద్య వచ్చిందని రాసే వ్యాసాలన్నీ ఈ సగాన్ని వదిలేస్తాయి. అది పెద్ద పొరపాటు.

ఇసుక పాళ్లు ఎందుకంత ముఖ్యమంటే, బంకమన్ను ఒక్కటే వాడితే ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి పగుళ్లు ఇస్తుంది. తడి ముద్ద ఆరి కాలేసరికి కొలతలో పదో వంతు వరకు తగ్గవచ్చు. ఇసుక ఆ కుంచింపును తగ్గిస్తుంది, పొయ్యి మంట తగిలినప్పుడు చట్టి పగలకుండా కాపాడుతుంది. నీళ్ల కడవకు ఒక లెక్క, వంట చట్టికి ఇంకో లెక్క, బొమ్మకు మరో లెక్క. ఒక చెరువు మన్నుకు సరిపోయిన లెక్క ఇంకో చెరువుకు సరిపోదు. అందుకే చెరువు మారితే అనుభవం ఉన్న ఇంట్లో కూడా మొదటి రెండు మూడు సార్లు ఆవం కాల్చడం టెన్షన్‌గానే గడుస్తుంది.

కాల్చడం దగ్గర మరీ ఓపిక కావాలి. ముందు సన్న సెగ. కుండలో మిగిలిన తేమ ఒక్కసారిగా ఆవిరైతే కుండ పేలిపోతుంది. తర్వాత మెల్లగా మంట పెంచుతారు. ఐదారు వందల డిగ్రీలు దాటాక మన్నులో రసాయనికంగా కలిసిపోయిన నీరు కూడా పోతుంది. ఇక ఆ మన్ను మళ్లీ నీళ్లలో కరగదు. మామూలు కుండలు ఏడు వందల నుంచి తొమ్మిది వందల డిగ్రీల మధ్య కాలుతాయి. గాలి బాగా ఆడితే మన్నులోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి మూసేసి పొగపెడితే నల్లబడుతుంది. దక్షిణాదిలో ఇనుప యుగపు సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పాత్రలు దొరుకుతాయి. ఈ కిటుకు రెండు వేల ఏళ్ల కిందటే చేతికి వచ్చిందని వాటిని చూస్తే తెలుస్తుంది. ఇంత చేసినా గాలి మళ్లినా, చిన్న జల్లు పడినా ఆవంలో కొంత సరుకు పోతుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్న సామెత ఈ ఇళ్లలో నిజంగా అనుభవించిన మాట.

ఇక పోటీ సంగతి. అల్యూమినియం పాత్ర ఈ ప్రాంతానికి ఎక్కడో దూరం నుంచి రాలేదు. 1898 ప్రాంతంలో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం రేకుతో పాత్రలు కొట్టడం మొదలుపెట్టించాడు. 1900లో అక్కడే దానికోసం ఒక కంపెనీ ఏర్పడింది. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. జిల్లాగా ఏర్పడింది 1911లో. అంటే మన దేశంలో అల్యూమినియం సామాను పుట్టిల్లు పక్కనే ఉంది. ఆ తర్వాత స్టీలు కూడా పక్కనుంచే వచ్చింది. సేలంలో స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్యాక్టరీ 1981లో పని మొదలుపెట్టింది. పెళ్లికి స్టీలు సామాను పెట్టకపోతే నామోషీ అనే కాలం వచ్చింది. అదే రోజుల్లో ప్లాస్టిక్ బిందెలూ వచ్చాయి. బోరింగు దగ్గర నుంచి నీళ్లు మోసే ఆడవాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట, కాదనలేం. నిండు మట్టి కడవ బరువు చంకన పెట్టుకుని మోసిన వాళ్లకే తెలుసు.

పాత్రలన్నీ ఒక్కసారిగా పోలేదు, ఒక వరసలో పోయాయి. ముందు అన్నం కుండ పోయింది, తర్వాత నీళ్లు మోసే కడవ, తర్వాత గింజలు దాచే బానలు. పులుసు చట్టి కొన్ని ఇళ్లలో మిగిలింది. చల్లటి నీళ్ల కుండ మాత్రం ఫ్రిజ్ వచ్చాక కూడా పోలేదు. కారణం మట్టి గుణంలోనే ఉంది. సరిగ్గా కాలిన కుండ గోడ నిండా కంటికి కనబడని సందులు ఉంటాయి. నీరు చెమటలా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు రెండు వేల నాలుగు వందల జౌళ్ల వేడి కావాలి, అదంతా కుండలో నుంచే లాగుతుంది. పది లీటర్ల కుండ నుంచి నూరు మిల్లీలీటర్లు ఆవిరైతే, బయటి వేడిని పక్కన పెట్టి లెక్కిస్తే, లోపలి నీళ్లు ఐదారు డిగ్రీలు చల్లబడతాయి. ఎక్కువ కాల్చిన కుండలో సందులు మూసుకుపోతాయి, గట్టిగా ఉంటుంది గానీ చల్లబరచదు. తక్కువ కాల్చితే కారిపోతుంది. ఆ మధ్య గీత ఎక్కడుందో తెలిసిన చేతికి తిరుపతి ఎండాకాలంలో ఇప్పటికీ గిరాకీ ఉంది. కొనేవాళ్లు వేలి ఎముకతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు.

తాతల తరం చివర్లో, తండ్రుల తరం మొదట్లో కొన్ని ఇళ్లు ఇంకో దారి పట్టాయి. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి బెంగళూరు వైపు వెళ్తే పలమనేరు వస్తుంది. ఇప్పుడు పలమనేరు టెర్రకోట అంటే పెద్ద పెద్ద పూలకుండీలు, ఏనుగులు, గుర్రాలు, గోడకు తగిలించే పలకలు, దీపపు స్తంభాలు, గణపతులు. చెన్నై, బెంగళూరు మధ్య దారి మీద ఉండటం ఆ ఊరికి కలిసొచ్చింది. బెంగళూరులో ఇల్లు కట్టుకునేవాళ్లకు, తోటల హోటళ్లకు, రిసార్టులకు ఈ సరుకు కావాలి. బొమ్మలు చేయడం ఈ నేలకు కొత్త కూడా కాదు. పక్కనే కడప జిల్లా శంఖవరంలో పొట్టేలు ఆకారంలో చేసిన పురాతన మట్టి శవపేటిక దొరికింది. అది చెన్నై మ్యూజియంలో ఉంది. కాళ్లు, తల, లోపల బోలు, అంత పెద్ద వస్తువును పగలకుండా కాల్చడం ఇప్పటి పనివాళ్లకు కూడా సవాలే.

ఈ మలుపులో ఇల్లు చాలా మారింది. మేర ఇచ్చే ఊరు పోయి, ముఖం తెలియని కొనుగోలుదారు వచ్చాడు. ఫోన్లో ఫోటో పంపి ఇలాంటివి వంద కావాలంటాడు. వందా ఒకేలా ఉండాలి, కాబట్టి అచ్చులు వచ్చాయి. కొలత తప్పకూడదు, కాబట్టి మన్ను జల్లించే మిషన్ వచ్చింది. సారె మొదట కర్రతో తిప్పేదాని నుంచి కరెంటు మోటారుకు మారింది. కరెంటు సారె ముందు ఆడవాళ్లు కూడా కూర్చోవడం మొదలుపెట్టారు. పాత కట్టుబాటు ఎవరూ ఉద్యమం చేయకుండానే చాలా ఇళ్లలో సడలింది. ఈ మార్పులో లాభమే ఎక్కువ. కానీ పోయింది ఒకటి ఉంది. పూలకుండీకి చదునైన అడుగు చాలు, బొమ్మకు అచ్చు చాలు. కాబట్టి గుండ్రాయి లోపల ఆనించి గుండ్రటి అడుగు తట్టే పని కొత్త తరానికి అవసరం రావడం లేదు. టెర్రకోట బాగా చేసే కుర్రాడు నీళ్ల కడవ చేయమంటే తండ్రిని పిలుస్తాడు. ఆ తండ్రి చేయి ఆడినన్నాళ్లే ఆ విద్య. సంత కోసం కాకపోయినా, వారానికి రెండు కడవలైనా తట్టించే ఇల్లు తెలివైనదని గట్టిగా చెప్పవచ్చు.

ప్రభుత్వం వైపు నుంచి సాయం రాలేదని అనడం అన్యాయం. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. శిక్షణ రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు ఇస్తారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు వద్దంది. కాణిపాకం ఉన్న జిల్లాలో వినాయక చవితి అంటే ఎంత పెద్ద సీజనో వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ పనికొచ్చేవే. అయితే సాయం అంతా సారె చుట్టూ, అప్పు చుట్టూ తిరుగుతోంది. సారె సమస్య ఎప్పుడో తీరిపోయింది. మోటారు సారె గంటకు ఎన్ని ఎక్కువ వస్తువులు తీస్తే అంత ఎక్కువ మన్ను కావాలి, అంత ఎక్కువ కట్టె కావాలి. ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ అడగరు.

కుండకు ఏ చెరువు మన్నైనా సరిపోదు. ఏళ్లతరబడి నీళ్లు నిలిచి, సన్నటి ఒండ్రు పేరుకున్న చోట, పైపొర తీసేస్తే కింద దొరికే జిగట మన్ను కావాలి. చెరువులో ఆ మేలైన జాగా కొంతే ఉంటుంది. అదే జాగాకు ఇటుక బట్టీల జేసీబీలు వస్తాయి. కుమ్మరి ఏడాదికి వాడే మన్ను బట్టీకి కొద్ది రోజుల పని. ఒకసారి జేసీబీ దిగితే పొరలన్నీ కలిసిపోయి, మంచి మన్నులో గరుసు కలిసి, మిగిలింది కూడా కుండకు పనికిరాకుండా పోతుంది. ఊరు పెరిగిన చోట చెరువు లేఔట్ అయిపోయిన సంగతి తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. 2021 నవంబరు వానల్లాంటివి పడి చెరువులు నిండితే ఊరంతా సంతోషిస్తుంది, సంతోషించాలి కూడా. కానీ ఆ మరుసటి ఎండాకాలం చెరువు ఎండకపోతే కుమ్మరికి ఆ ఏడు మన్ను లేనట్టే. ముందుచూపు ఉన్న ఇళ్లు రెండేళ్ల మన్ను తెచ్చి పెరట్లో కుప్ప పోసుకుంటాయి. పెరడు లేని ఇల్లు ఏం చేస్తుంది?

కట్టె కథ కూడా ఇలాంటిదే. పలమనేరు, కుప్పం వైపు అడవిలో ఏనుగులు చేరాక 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవి నుంచి కట్టె తెచ్చుకునే రోజులు అక్కడితో దాదాపు ముగిశాయి. అడవి ఉండాల్సిందే, దానిమీద తగువు లేదు. ఇళ్లు మామిడి తోటల కొమ్మలకు, సర్కారు తుమ్మ కంపకు, నీలగిరి కట్టెకు, వేరుశనగ పొట్టుకు, కొబ్బరి చిప్పలకు మళ్లాయి. వేరుశనగ సాగు తగ్గిన ఏడు పొట్టు ధర పెరుగుతుంది. ఒక్కో కట్టెకు మంట ఒక్కో తీరు. తుమ్మ నిలకడగా కాలుతుంది, పొట్టు గుప్పుమని లేచి ఆరిపోతుంది. కట్టె మారినప్పుడల్లా సెగ లెక్క మళ్లీ నేర్చుకోవాలి. పైగా ఊరు పెరిగి కుమ్మరి వీధి చుట్టూ మేడలు లేచాక, ఆవం పెట్టిన రోజు పక్కింటి నుంచి గొడవ తప్పదు. బట్టలు ఆరేసుకున్నాం, పిల్లాడికి దగ్గు అంటారు. వాళ్లు చెప్పేదీ తప్పు కాదు. గ్యాస్ బట్టీకి మారిన ఇళ్లు ఉన్నాయి. దాని ఖరీదు ఒక ఇంటికి తలకు మించిన పని, పది ఇళ్లు కలిస్తే అందుతుంది. పది ఇళ్లు కలవాలంటే మళ్లీ ఉమ్మడి జాగా కావాలి.

ఇప్పటి నాలుగో తరం ఇంజినీరింగ్ చదివో, నర్సింగ్ చదివో బెంగళూరు బస్సెక్కుతోంది. అది తప్పని అనేవాళ్లు ఒకసారి ఆవం ముందు మే నెలలో గంటసేపు కూర్చోవాలి. అయితే అందరూ పూర్తిగా వదిలేయడం లేదు. చదువుకున్న కూతురు ఫోన్లో ఫోటోలు పెట్టి ఆర్డర్లు తెస్తుంది, ఎలా ప్యాక్ చేస్తే కొరియర్లో పగలదో కనిపెడుతుంది. మట్టి చట్టిలో చేపల పులుసు, కుండ పెరుగు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి. కొత్త చట్టిని బియ్యం కడుగునీళ్లలో రాత్రంతా నానబెట్టి, గంజి కాచి, ఆ తర్వాతే కూరకు వాడాలని నగరంలో పుట్టిన కోడలికి వివరంగా వీడియో చేసి చూపించాల్సి వస్తోంది. ఒకప్పుడు అమ్మమ్మలు చెప్పేది అది. కార్తీకంలో ప్రమిదలు, చవితికి గణపతులు, ఎండాకాలంలో నీళ్ల కుండలు, మిగతా నెలల్లో కుండీలు, బొమ్మలు. మేర పోయిన చోట ఇలా కొత్త క్యాలెండర్ ఒకటి తయారైంది.

ఈ క్యాలెండర్ అంతా ఒక చిన్న సందు మీద ఆధారపడి ఉంది. చెరువు అడుగు పూర్తిగా ఎండేది చిత్తూరు వైపు ఏప్రిల్ చివరి నుంచి తొలకరి దాకా, మహా అయితే ఆరేడు వారాలు. ఏడాదికి సరిపడా మన్ను ఆలోపే ఇంటికి చేరాలి. కుమ్మరి వీధికి కావలసింది ఆ ఆరేడు వారాల్లో, మేలైన మన్నున్న ఆ మూలను ఇటుక బట్టీలకు వదలకుండా గుర్తు పెట్టి, కొన్ని ట్రాక్టర్లు తవ్వుకోమని పంచాయతీ రాసిచ్చే ఒక కాగితం. దాంతో పాటు ఊరి చివర, గాలి ఇళ్ల మీదికి మళ్లని వైపు, ఆవానికి ఓ పది సెంట్ల ఉమ్మడి జాగా.